ప్రథమ ముద్రణ: ఒక మాట, కొన్ని పుస్తకాలు

తెలుగు పుస్తకంలో ముఖపత్రం వెనుక "ప్రథమ ముద్రణ" అన్న మాట కనబడితే ఆ గ్రంథం తొలిసారి అచ్చయింది అప్పుడేనని మనం తీసుకుంటాం. మన సిద్ధాంత గ్రంథాల చివర ఉండే ఉపయుక్త గ్రంథ సూచికలన్నీ ఈ నమ్మకం మీదనే నడుస్తున్నాయి. అయితే వాడుకలో ఈ మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. ఆ రచన మొట్టమొదటిసారి పుస్తకరూపం పొందడం ఒకటి. రచయిత తిరగరాసిన తరవాత ఆ కొత్త పాఠం మొదటిసారి అచ్చుకావడం రెండోది. ఎప్పుడో వెలువడిన గ్రంథాన్ని ఒక కొత్త ప్రచురణకర్త తాను మొదటిసారి వేయడం మూడోది. మూడింటికీ మనవాళ్లు ఒకే మాట వాడతారు. ఏది ఏ అర్థంలో వాడారో పుస్తకాన్ని ఆసాంతం తిరగేస్తే తప్ప తేలదు.

పెద్ద సంస్థల పుస్తకాలతో ఈ చిక్కు తక్కువ. వావిళ్ల వారి వంటి సంస్థ దశాబ్దాల తరబడి ఒకే పద్ధతిలో పుస్తకాలు వేసింది, జాబితాలు ప్రకటించింది, ఒక ప్రతి పోయినా మరొకటి దొరుకుతుంది. చిక్కంతా స్వతంత్ర ప్రచురణలతోనే. రచయిత తానే డబ్బు పోగుచేసి వేసుకున్న పుస్తకం, మిత్రుడొకడు ఉత్సాహం కొద్దీ వేసిపెట్టిన పుస్తకం, నలుగురు కలిసి ప్రారంభించి నాలుగేళ్లు నడిపిన గ్రంథమాల పుస్తకం - ఆధునిక తెలుగు సాహిత్యంలో మనం ముఖ్యమైనవి అనుకునేవాటిలో చాలా భాగం ఇలా వచ్చినవే. వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనిలో, అంటే తన సొంత పత్రికలో, వరసగా వచ్చి 1880లో పుస్తకమైంది. ఇటువంటి చోట సంస్థ రికార్డు అంటూ ఉండదు. పుస్తకమే రికార్డు.

ముందు మాటల సంగతి చూద్దాం. ఎడిషన్ అన్నదానికి తెలుగులో ముద్రణ, కూర్పు, ప్రచురణ అని మూడు మాటలు చలామణిలో ఉన్నాయి. పక్కనే ఉన్న ఒడియాలో దీనికి "సంస్కరణ" అంటారు. హిందీ, బంగాళీ భాషల్లోనూ అదే మాట. బరంపురంలో రెండు భాషల పుస్తకాలూ ఒకే అలమరలో ఉంటాయి కాబట్టి తెలుగు విద్యార్థి ఒడియా పుస్తకం మీద "ప్రథమ సంస్కరణ" అని చదివి ఇదేదో సంఘ సంస్కరణకు సంబంధించిన గ్రంథమేమో అనుకోవడం నేను చూశాను. వాడి తప్పు లేదు. సంస్కృతం నుంచి వచ్చిన ఒకే మాటను తెలుగువాళ్లు వితంతు వివాహాల వైపు తీసుకుపోయారు, ఒడియావాళ్లు పుస్తకాల వైపు తీసుకుపోయారు. మార్చి దిద్దిన పాఠం అన్న అర్థం వాళ్ల మాటలో ఉంది. మన "ముద్రణ"లో అది లేదు. అందులో అచ్చు ఒత్తడం అన్న క్రియ ఒక్కటే ఉంది.

పాత తెలుగు పుస్తకాలలో "రెండవ కూర్పు" అన్న మాట కనిపిస్తుంది. ఇది ఎంత సరైన మాటో మనం గుర్తించలేదని నా అభిప్రాయం. గ్రంథవర్ణన శాస్త్రంలో ఎడిషన్‌కు చెప్పే నిర్వచనం ఇది: ఒకసారి పేర్చిన అక్షరాల నుంచి తీసిన ప్రతులన్నీ కలిపి ఒక ఎడిషన్, వాటిని ఎన్ని విడతలుగా అచ్చు వేసినా విడతకు ఒక ఇంప్రెషన్. కూర్చడం అంటే పేర్చడమే. కంపోజిటరు చేసే పని అదే. అంటే కూర్పు ఎడిషన్‌కూ, ముద్రణ ఇంప్రెషన్‌కూ మాటకు మాట సరిపోతాయి. తయారుగా ఉన్న జంటను వదులుకుని మనం రెంటికీ కలిపి ముద్రణ అనడం మొదలుపెట్టాం.

ఎందుకు వదులుకున్నామన్నది కూడా ఊహించడం కష్టం కాదు. చిన్న ప్రెస్సులో ఉండే సీసపు అక్షరాలు రెండు మూడు ఫారాలకు మించి సరిపోవు. పదహారు పుటల ఫారం ఒకటి ఒత్తి ముగించగానే ఆ అక్షరాలను విప్పి, తిరిగి కేసుల్లో గళ్ల ప్రకారం పంచి, తరవాతి ఫారం పేర్చాలి. పుస్తకం పూర్తయ్యేసరికి మొదటి ఫారం అక్షరాలు ఎప్పుడో చెదిరిపోయి ఉంటాయి. వెయ్యి ప్రతులు అమ్ముడై మళ్లీ వేయవలసివస్తే మొదటి అక్షరం నుంచీ కొత్తగా పేర్చవలసిందే. కనుక చేతి కంపోజింగు ఉన్నంత కాలం చిన్న ప్రచురణకర్తకు ప్రతి ముద్రణా కొత్త కూర్పే. రెండు మాటలు అవసరం లేకపోయింది. అయితే దీని పర్యవసానం ఒకటుంది. కొత్తగా పేర్చిన ప్రతిసారీ కొత్త తప్పులు వస్తాయి. కొత్త ప్రూఫు రీడరు తనకు తెలిసిన "శుద్ధి" చేస్తాడు. "వొచ్చాడు" అని రచయిత రాస్తే "వచ్చాడు" అవుతుంది, "యేమిటి" "ఏమిటి" అవుతుంది, "వొక" "ఒక" అవుతుంది. రచయితకు తెలియకుండా, ఒక్కొక్కప్పుడు ఆయన పోయిన తరవాత, పాఠం మారిపోతుంది. తాళపత్ర ప్రతుల విషయంలో మన పండితులు లేఖక దోషాలు, పాఠాంతరాలు అంటూ ఎంతో శ్రద్ధ చూపారు. మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు ఆ పనికి జీవితాలు ధారపోశారు. అచ్చుపుస్తకానికి మాత్రం ఆ మర్యాద దక్కలేదు. అచ్చయితే చాలు, పాఠం స్థిరపడిపోయిందనుకున్నాం.

ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ కన్యాశుల్కం. నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడింది. పుస్తకంగా 1897లో వచ్చింది, ఆనందగజపతి మహారాజుకు అంకితంగా. 1909లో రెండవ కూర్పు వచ్చింది. ఇక్కడ కూర్పు అన్న మాట నేను కావాలనే వాడుతున్నాను. మొదటిది అయిదంకాల నాటకం, రెండవది ఏడంకాలది. మధురవాణి పాత్ర ఎంతో పెరిగింది. నాటకాన్ని దాదాపు తిరగరాశాడు గురజాడ. మనం చదివేదీ, పాఠ్యాంశంగా చెప్పేదీ, రంగస్థలం మీద చూసేదీ ఈ 1909 నాటకాన్ని. మొదటిది అరవై ఏళ్లకు పైగా కనబడకుండా ఉండిపోయింది. దానిని 1969లో నెల్లూరు నుంచి "మొట్టమొదటి కన్యాశుల్కం" అన్న పేరుతో అచ్చువేసి అందరికీ చూపినవాడు బంగోరె. ఆయన విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాడు, పత్రికా రచయిత. ఈ మాట కొంచెం ఇబ్బందిగానే రాస్తున్నాను.

అంతవరకు జరిగిన చర్చలలో ఒక వింత కనిపిస్తుంది. ఇప్పుడు దొరికే కన్యాశుల్కం ముద్రణలలో రెండు ఇంగ్లీషు పీఠికలూ కలిసే ఉంటాయి. మొదటి పీఠిక 1897 నాటిది. దాని తరవాత వచ్చే నాటకం 1909 నాటిది. పీఠిక చదివి పుట తిప్పినవాడికి రెండూ ఒకే కాలానివి అనిపించడం సహజం. అలా అనుకునే వ్యావహారిక భాషావాద చరిత్ర రాసినవారున్నారు. 1890ల నాటి విశాఖ మండలపు మాటతీరుకు సాక్ష్యంగా 1909 నాటకంలోని సంభాషణలను ఎత్తి చూపినవారున్నారు. పన్నెండేళ్లే కదా అనిపించవచ్చు. కానీ అవి ఏ పన్నెండేళ్లు? ఆ మధ్యకాలంలోనే భాష గురించి గురజాడ ఆలోచన పదునెక్కింది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి వాడుక భాష పక్షాన నిలిచింది కూడా ఆ కాలంలోనే. ఉద్యమానికి ముందరి సాక్ష్యంగా మనం చూపుతున్నది ఉద్యమకాలపు పాఠమయితే కారణాన్నీ కార్యాన్నీ తారుమారు చేసినట్లవుతుంది. గిరీశం నోట వచ్చే ఇంగ్లీషు మాటల మీద పరిశీలన చేసేవారికి ఈ తేడా మరీ ముఖ్యం. ఏ మాట 1897లో ఉంది, ఏది 1909లో వచ్చి చేరింది అన్నది లెక్కపెట్టి చూడవలసిన విషయం. రెండు పాఠాలూ ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి కనుక సాకు కూడా లేదు.

హుమ్మలో ఒక ఇంట నేను చూసిన ప్రతి ఈ సందర్భంలో ప్రస్తావించదగింది. హుమ్మ గంజాం జిల్లాలో గంజాముకూ రంభకూ నడుమ ఉన్న ఊరు. మద్రాసు-హౌరా రైలు మార్గం మీద స్టేషను. ఉప్పుమళ్లకు పేరు. జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలో ఉప్పు శాఖ గుమాస్తాలుగా వెళ్లిన తెలుగు కుటుంబాలలో ఒకటి అక్కడే స్థిరపడింది. వాళ్ల పెట్టెలో ముఖపత్రం లేని కన్యాశుల్కం ఉంది. "ఇది మా తాతగారు కొన్నదండి మాస్టారూ, మొదటిదే. లోపల తొంభై ఏడని ఉంది చూడండి" అన్నారు ఇంటివారు. ఉంది, నిజమే, మొదటి పీఠిక కింద ఉంది. అంకాలు లెక్కపెడితే ఏడు. ఆ మాట చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చిన్నబోయాయి. పాత పుస్తకాలు కొనేవారెవరో అప్పటికే మంచి ధర చెప్పి వెళ్లారట. కొనేవారు అంకాలు లెక్కపెట్టి ఉండరు.

ఆ పెట్టెలోనివి నాకు మరో సంగతి నేర్పాయి. ఉప్పుగాలికి పిన్నులు కొట్టిన చిన్న పుస్తకాలన్నీ తుప్పుపట్టి, నడుమ పుటలు ఊడి, అట్టలు రాలిపోయాయి. దారంతో కుట్టిన పెద్ద పుస్తకాలు నిలిచాయి. చిన్న ప్రచురణకర్త పుస్తకానికి పిన్నులే గతి. ముద్రణ వివరాలు అట్ట మీదనో, అట్ట లోపలి వైపునో వేసేవారు చాలామంది. కనుక తీరప్రాంతంలో మొదట నశించేది మనకు కావలసిన సాక్ష్యమే. ఆ ఇంటి పెద్దాయన మాత్రం ప్రతి పుస్తకం మొదటి పుట మీద కొన్న తేదీ వేసేవాడు. ఇంగ్లీషు తేదీ కాదు, తెలుగు సంవత్సరం, మాసం, తిథి. ఒకదాని మీద ఆంగీరస అని ఉంది. అది 1932-33. అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది కనుక 1872 కూడా కావచ్చునని వాదించవచ్చు. కానీ కాగితం, టైపు ఆ వాదాన్ని నిలవనివ్వవు. పుస్తకం ఆ తేదీకి ముందే అచ్చయి ఉండాలన్నంత వరకు ఆ సంతకం నమ్మదగిన సాక్ష్యం. అది ఎన్నవ కూర్పో మాత్రం సంతకం చెప్పదు.

పీఠిక తేదీని పుస్తకం తేదీగా తీసుకునే పొరపాటు కన్యాశుల్కంతో ఆగలేదు. శ్రీశ్రీ మహాప్రస్థానం 1950లో మచిలీపట్నం నుంచి నళినీకుమార్ ప్రచురించగా వెలువడింది. అది ఒక వ్యక్తి పూనికతో వచ్చిన పుస్తకం, పెద్ద సంస్థ వేసింది కాదు. అందులో చలం రాసిన యోగ్యతాపత్రం 1940 నాటిది. గేయాలలో చాలా భాగం ముప్పయిలలో పత్రికలకెక్కినవి. అంటే ఒకే పుస్తకంలో మూడు కాలాలున్నాయి: రచనకాలం, పరిచయకాలం, ప్రచురణకాలం. మహాప్రస్థానం ప్రభావం గురించి రాసేవారు పుస్తకం రాకముందే పుస్తకాన్ని చదివించేస్తుంటారు. పత్రికల్లో చదివినవాళ్లు వేరు, నోటి పాటగా విన్నవాళ్లు వేరు, 1950 పుస్తకం కొన్నవాళ్లు వేరు. 1981లో లండను నుంచి గూటాల కృష్ణమూర్తి శ్రీశ్రీ సొంత దస్తూరీలో ఇదే గ్రంథాన్ని తెచ్చారు. దస్తూరీ ప్రతి కదా అని దానిని మూలప్రతిగా భావించేవారు నాకు తారసపడ్డారు. కవి అరవై దాటిన తరవాత రాసిచ్చిన అక్షరాలవి. అందమైన పుస్తకం, కాని యాభై నాటి పాఠానికి అది సాక్ష్యం కాదు.

ఇక గ్రంథమాలలు. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి తరవాత వచ్చిన ఒరవడి ఇది. కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతుల పూనికతో ఆ మండలి నడిచింది. 1908లో మండలి చెన్నపట్నానికి మారింది కనుక ముఖపత్రం మీద ఏ ఊరుందన్నదే ఒక ఆనవాలు. ఆ ఒరవడిలోనే బరంపురం నుంచి వేగుజుక్క గ్రంథమాల వచ్చింది. దేవరాజు వేంకటకృష్ణారావు పేరు దానితో ముడిపడి ఉంది. ఆయన "వాడే వీడు" తెలుగులో అపరాధ పరిశోధక నవలలు ఇంకా కొత్తగా ఉన్న రోజులలో వచ్చినది. అపరాధ పరిశోధన తెలుగుకు మద్రాసు నుంచో బెజవాడ నుంచో కాక గంజాం జిల్లా నుంచి కూడా నడిచివచ్చిందన్న సంగతి మన చరిత్రకారులు ఒక వాక్యంతో సరిపెడతారు. ఆ వాక్యం విస్తరించాలంటే ఏ పుస్తకం ఎప్పుడు వచ్చిందో తేలాలి.

గ్రంథమాల పుస్తకాలలో జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. పుస్తకాలకు వరస సంఖ్య ఇచ్చేవారు. దానికి కుసుమమనో, పుష్పమనో, ప్రసూనమనో పేరు. "ద్వితీయ కుసుమము" అంటే ఆ మాలలో రెండో పుస్తకం. దీనిని రెండవ ముద్రణగా నమోదు చేసిన గ్రంథాలయ కార్డులు నేను స్వయంగా చూశాను. దీనికి తోడు అట్టల గొడవ. ప్రచురణకర్త వెయ్యి ప్రతులకు సరిపడా ఫారాలు ఒత్తించి, చేతిలో డబ్బున్నంత మేరకు రెండు మూడు వందలు బైండు చేయించి, మిగిలినవి విడి కాగితాలుగానే కట్టకట్టి ఉంచేవాడు. రెండేళ్లకో మూడేళ్లకో వాటిని బైండు చేయించేటప్పుడు కొత్త అట్ట కావాలి. అట్ట మీద కొత్త ధర, కొత్త పుస్తకాల జాబితా, ఒక్కొక్కప్పుడు కొత్త సంవత్సరం వచ్చి చేరతాయి. లోపల పాత కూర్పే, పైన కొత్త చొక్కా. ముఖపత్రానికీ అట్టకూ సంవత్సరం కలవకపోతే తొందరపడి రెండో ముద్రణ అనకూడదు. అట్ట వెనుక ఉన్న జాబితా మాత్రం వదలకుండా చదవాలి. ఆ జాబితాలో ఏ పుస్తకాలు "సిద్ధముగా నున్నవి", ఏవి "అచ్చులో నున్నవి" అన్నదాన్ని బట్టి ఆ అట్ట కాలం దాదాపు నెలల లెక్కన తేల్చవచ్చు. మన గ్రంథాలయాలలో గట్టి బైండు వేయించేటప్పుడు మొదట చింపి పారేసేది ఆ అట్టనే.

లోపలి సాక్ష్యాలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తప్పొప్పుల పట్టిక. సాధారణంగా మొదటి కూర్పు చివర ఇది ఉంటుంది. రెండో కూర్పులో ఆ తప్పులు దిద్ది, పట్టిక తీసేస్తారు. ముఖపత్రం పోయిన ప్రతి దొరికినప్పుడు, తెలిసిన మొదటి కూర్పు పట్టిక చేత పట్టుకుని ఆ పుటలు, ఆ పంక్తులు చూస్తే విషయం తేలిపోతుంది. తప్పు ఉంటే మొదటిది, దిద్ది ఉంటే తరవాతది. అయితే పుట సంఖ్యలు కూడా సరిపోవాలి. ఒక్కొక్క చోట రెండో కూర్పువారు దిద్దిన పాఠాన్ని పేర్చి కూడా పాత పట్టికను అలాగే వేశారు. ఎవరూ చదవరన్న ధీమా కాబోలు.

అక్షరాల తీరు మరో సాక్ష్యం. అరసున్న, బండి ఱ, ౘ ౙల మీది గుర్తు, "ర్" ధ్వనికి హల్లు పక్కన వేసే వలపలగిలక - ఇవి తగ్గుతూ వచ్చిన క్రమం మనకు తెలుసు. వలపలగిలక ఉంటే పాతదే అన్న తీర్పు మాత్రం చెల్లదు. పెద్ద అచ్చుకూటాలు కొత్త టైపు పోతపోయించుకున్నా చిన్న ఊళ్ల ప్రెస్సులు పాత టైపును అరిగిపోయేదాకా వాడేవి. కాబట్టి ఒక మారుమూల ప్రెస్సు పుస్తకం అదే ఏడాది మద్రాసు పుస్తకం కంటె ముసలిదిగా కనబడవచ్చు. భాషాశాస్త్రజ్ఞుడిగా నాకు లిపి మీద మమకారం ఎక్కువే; అయినా ధరలను, చిరునామాలను లిపి కంటె ఎక్కువగా నమ్ముతాను. అణాలలో ధర ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుది. "న. పై." అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. ఆరు అంకెల పిన్‌కోడు 1972 ఆగస్టుకు ముందు ఉండదు. పాత ధర మీద చీటీ అంటిస్తే చీటీని వెలుగుకు ఎత్తి చూడాలి, పీకకూడదు.

గంజాం ప్రాంతపు పుస్తకాలకు జిల్లా పేరే ఒక గడియారం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, హుమ్మ, పర్లాకిమిడి అటు వెళ్లాయి. ఇటు మిగిలిన శ్రీకాకుళం తదితర తాలూకాలను విశాఖపట్నం జిల్లాలో కలిపారు. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న వేరయింది. కనుక ముఖపత్రం మీద "చికాకోలు, గంజాం జిల్లా" అని ఉంటే 1936కు ముందుది. "విశాఖపట్నం జిల్లా" అని ఉంటే ఆ పద్నాలుగేళ్లలోది. "శ్రీకాకుళం జిల్లా" అంటే తరవాతది. పర్లాకిమిడి దగ్గర మాత్రం ఈ గడియారం నడవదు. రాష్ట్రం మారినా అది గంజాం జిల్లాలోనే ఉండి, 1992లో గజపతి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. కాబట్టి "పర్లాకిమిడి, గంజాం జిల్లా" అన్నది 1920కీ చెల్లుతుంది, 1980కీ చెల్లుతుంది. గిడుగు రామమూర్తి విషయంలో ఒక సౌకర్యం ఉంది. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడాన్ని సహించలేక ఆయన 1936లో ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన పేరుతో పర్లాకిమిడి చిరునామా కనిపిస్తే కాలనిర్ణయం సులభం.

ఆఫ్‌సెట్టు వచ్చిన తరవాత చిక్కు రూపం మారింది. పాత పుటలను ఫోటో తీసి ప్లేటు చేస్తే కూర్పు అదే, ముద్రణ మాత్రం కొత్తది. ఆ ఫోటోలో పాత "ప్రథమ ముద్రణ" కూడా వచ్చేస్తుంది. డి.టి.పి. వచ్చాక మళ్లీ అందరూ కొత్తగా పేర్చడం మొదలుపెట్టారు. అయినా ముఖపత్రం మీద "పునర్ముద్రణ" అనే వేస్తున్నారు. అది నిజానికి కొత్త కూర్పు. 1980లో ప్రారంభమైన హైదరాబాద్ బుక్ ట్రస్టు వంటి స్వతంత్ర సంస్థల పుస్తకాలు కొనేవారు కూడా ఈ తేడా గమనించాలి. సహవాసి అనువదించిన "ఏడు తరాలు" ఆ సంస్థ తొలి రోజులలోనిది. ఇటువంటి పుస్తకం మీద మొదటి ముద్రణ తేదీ కనిపించినంత మాత్రాన అది మొదటి ముద్రణ ప్రతి కాదు. దాని కింద ఉండే తేదీలలో చివరిదే చేతిలోని ప్రతి తేదీ. ఇది అందరికీ తెలిసిన సంగతే అనిపిస్తుంది. కాని సూచికలలో పై తేదీ ఎక్కిస్తున్నవారే ఎక్కువ. ఆర్డరు వచ్చినప్పుడు ఒక్కొక్క ప్రతి అచ్చువేసే పద్ధతిలో "ప్రతులు: 1000" అన్న పంక్తే మాయమైంది. అచ్చుతప్పు కనబడితే రాత్రికి రాత్రి ఫైలులో దిద్దుతారు. మొన్న కొన్న ప్రతికీ నేడు కొన్న ప్రతికీ తేడా ఉంటుంది, రెండింటి మీదా ఒకే తేదీ ఉంటుంది.

అంతకు మించి నష్టం చేసినవి స్కాన్ ప్రతుల వివరాలు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ మేలు మరవరానిది. కానీ పుస్తకం పేరూ సంవత్సరమూ నమోదు చేసినవారు తెలుగు వచ్చినవారో కారో, చేతికందిన అంకె వేశారు. నేటి పరిశోధక విద్యార్థి పుస్తకం తెరవకుండా ఆ అంకెనే ఎత్తి రాస్తున్నాడు. స్కాన్‌లో ముఖపత్రం వెనుక పుట, అట్ట, తప్పొప్పుల పట్టిక తరచు ఉండవు. కాగితం పల్చనా మందమా, పిన్నా దారమా అన్నది తెరమీద కనబడదు.

వీటన్నిటికీ బయట, పుస్తకంతో నిమిత్తం లేని సాక్ష్యం ఒకటుంది. 2024లో రద్దయ్యేదాకా, 1867 నాటి పత్రికల, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం ప్రతి పుస్తకం మీద ముద్రాపకుడి పేరు, స్థలం, ప్రచురణకర్త పేరు ఉండవలసి ఉండేది. ప్రతులు ప్రభుత్వానికి దాఖలు చేయవలసి ఉండేది. ప్రభుత్వం మూడు నెలలకొకసారి జాబితా ప్రకటించవలసి ఉండేది. ఆ జాబితాలో పుటలు, సైజు, ధర, ఎన్ని ప్రతులు ఒత్తారన్నదీ, ఎన్నవ ఎడిషన్ అన్నదీ గళ్లుగా ఉంటాయి. దాఖలు చేసినవాడు అక్కడ రెండవది అని రాసి, కొనుగోలుదారుడికి ముఖపత్రం మీద ఏమీ చెప్పకపోయి ఉండవచ్చు. ఇంత సరళమైన ఆధారాన్ని మన సాహిత్య చరిత్రకారులు వాడుకున్నది స్వల్పం. వాడుకున్నవారు కూడా మద్రాసు ప్రభుత్వం జాబితాలతో ఆగిపోయారు. 1936 ఏప్రిల్ తరవాత బరంపురంలో అచ్చయిన తెలుగు పుస్తకం దాఖలు కావలసింది మద్రాసులో కాదు, ఒరిస్సా ప్రభుత్వం దగ్గర. తెలుగు పరిశోధకుడు ఒరిస్సా జాబితాలు వెతకడు, అవి తనవి కావనుకుంటాడు. ఒడియా పరిశోధకుడు అందులో తెలుగు పుస్తకాల పేర్లు చూసి పుట తిప్పేస్తాడు. బరంపురం తెలుగు ప్రచురణ 1936తో సన్నగిల్లిందని మనం తేలికగా అనేస్తున్న మాటలో నిజమెంతో ఆ రెండవ జాబితా చూసిన తరవాతే చెప్పాలి. మన పీఠం గ్రంథాలయంలో గంజాం పుస్తకాల కార్డులు తిరగరాసేటప్పుడు కూర్పు, ముద్రణ, అట్ట మీది సంవత్సరం, గ్రంథమాల సంఖ్య - నాలుగింటికీ వేరు వేరు గళ్లు పెట్టాలనీ, ఇకమీదట బైండరుకు పుస్తకాలు ఇచ్చేటప్పుడు పాత అట్టలను లోపలే కుట్టమని రాసి ఇవ్వాలనీ కోరుతున్నాను.